దిష్టిబొమ్మకు లేని అభ్యంతరం

హైదరాబాద్‌లో కోకాపేట వైపు వెళ్లి, కడుతున్న టవర్ ఎదుట రోడ్డు మీద నిలబడి ఫోన్ పైకెత్తి చూడండి. పది సెకన్లలో విజిల్. "సార్, ఫొటోలు తియ్యొద్దు, పర్మిషన్ లేదు." శ్రీహరికోటను మించిన కట్టుదిట్టం. దాస్తున్నది మాత్రం మైళ్ల దూరానికి కనబడే నలభై అంతస్తుల కాంక్రీటు.

అదే ప్రహరీ మీద లారీ అంత ఫ్లెక్సీ, నన్ను చూడండి బాబూ అని దేబిరిస్తూ. పైన పిల్లరుకు వేలాడే దిష్టిబొమ్మ ఉద్యోగమే పదిమంది కళ్లూ తన మీద వేయించుకోవడం. ఒక్క సెక్యూరిటీ మనిషికే మన కళ్లు వద్దు. ముగ్గురినీ పెట్టింది ఒకే బిల్డరు! కట్టడాన్ని ఫొటో తీసి ప్రచురించడం ఉల్లంఘన కాదని 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. ఆ మాట అతనికి చెప్పి లాభం లేదు. పన్నెండు గంటల డ్యూటీ, మూడుకాళ్ల కుర్చీ. అతణ్ని అనేదేముంది?

ఇక ఆ ఫ్లెక్సీ వైభవం. పచ్చికలో తెల్లదొరల కుటుంబం, వెంట బంగారు రంగు కుక్క. వంద బాల్కనీలున్నా ఒక్కదాంట్లో లుంగీ ఆరదు, వడియాలు ఎండవు. ఏసీ డబ్బాలు లేవు, గ్రిల్స్ లేవు, గుమ్మం ముందు చెప్పుల్లేవు. పక్క టవర్ కూడా లేదు, ఆ జాగాలో చెరువుంది. (నేల మీద చెరువు జాగాలో టవరుంది. లెక్క సరిపోయింది.) శాంపిల్ ఫ్లాట్ బొమ్మ ఇంకో విద్య. గది మూల నక్కి, ఫోన్ నడుము ఎత్తున పట్టుకుని, ఎక్కువ వెడల్పు చూపే 0.5 లెన్స్‌తో నొక్కితే పదీ పదకొండు అడుగుల గది పెళ్లిమండపమవుతుంది. మంచం చివర మాత్రం పడవలా సాగుతుంది. అక్కడ పట్టేయొచ్చు.

నిజం కావాలంటే 0.5 మాని మామూలు లెన్స్ పెట్టండి. ఫోన్ పైకి వంచితే భవనం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. ఎదురు మేడ రెండో అంతస్తు ఎక్కి, గ్రిడ్ గీతలు వేసుకుని, ఫోన్ నిటారుగా పట్టాలి. పొద్దున్నే గోడను ఒరుసుకుంటూ పడే ఏటవాలు ఎండలో ప్లాస్టరింగ్ వంకరలు, కాంక్రీటును కుదిపి సర్దే వైబ్రేటర్ సరిగా ఆడించక పిల్లరులో మిగిలిన తేనెపట్టు గుంటలు నీడలతో సహా లేచి కనిపిస్తాయి. బిల్డరు ఫొటోగ్రాఫరు మబ్బు పట్టిన రోజే ఎందుకొస్తాడో ఇప్పుడు తెలిసిందా?

ఫ్లాట్ కొన్నవాళ్లు స్లాబ్ వేయకముందే, ఊచల మీద టేపు పెట్టి ఫొటో తీయాలి. ఊచకూ షట్టరింగుకూ (కాంక్రీటు పోసే అచ్చుకూ) మధ్య స్లాబులో 20, పిల్లరులో 40 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు ఉన్నాయో లేదో బొమ్మలో తేలాలి. కాంక్రీటు పడ్డాక చూడాలంటే భవనానికి ఎక్స్‌రే తీయించాల్సిందే. పదిహేను రోజులకోసారి అదే చోటు, అదే వేళ, అదే లెన్స్. ప్రాజెక్టు ఎంతవరకు వచ్చిందో మూడు నెలలకోసారి వెబ్‌సైట్లో పెట్టాలని 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం బిల్డరుకే చెప్పింది. వాళ్లు పెట్టాల్సిందే మనం తీస్తే విజిల్!

వాళ్లు పెట్టేది డ్రోన్ బొమ్మ. అంత ఎత్తు నుంచి మనుషులు చీమలు. చీమలకు హెల్మెట్ ఉందో లేదో ఎవడికి తెలుస్తుంది? రోడ్డు మీద నుంచి జూమ్ చేస్తే తెలుస్తుంది. పన్నెండో అంతస్తు అంచున, నడుముకు బెల్టు లేకుండా, హవాయి చెప్పులతో నిలబడ్డ ఒడిశా కుర్రాడు. కింద సెల్లార్ గొయ్యి. ఒకటిన్నర మీటరు దాటితే మట్టికి ఆపు కట్టాలి. ఇక్కడ రెండు మూడు అంతస్తుల లోతుకు నిలువునా తవ్వి, ఆ మట్టినే గట్టు మీద పోసి, పక్కనే కూలీల రేకుల షెడ్లు వేశారు. తలుపు ముందు చంటిపిల్ల ఆడుకుంటోంది. మీరు తీయొద్దంటున్నది భవనాన్ని కాదురా, దీన్ని! నిర్మాణ కార్మికుల చట్టం 1996లోనే వచ్చింది. కూలీల సంక్షేమానికని సెస్సు కట్టిన రసీదుంది, బెల్టు లేదు.

రెండు రోజులు ముసురు పడితే పేపర్లో అదే వాక్యం: మట్టిపెళ్లలు విరిగిపడి కూలీల మృతి. ఆ రోజు గేటు బార్లా తీసి ఉంటుంది. ప్రతివాడి చేతిలో ఫోన్ ఉంటుంది. విజిల్ వినపడదు. ఫ్లెక్సీలో కుక్క పచ్చిక మీద పరుగెడుతూనే ఉంటుంది.