సోడా గ్యాస్‌తో టైర్లకు గాలి: పాత బండ జోలికి వెళ్లకండి

పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు, రాత్రి ఇంకొకరు. ఇసుకలో, కొండదారుల్లో జీపులు తోలే మా బెజవాడ, గుంటూరు మిత్రులంతా ఒకే మెసేజ్ పంపుతున్నారు. "వేలు పోసి కంప్రెసర్ కొనకండి. పాత ఇనుము కొట్లో గ్యాస్ బండ గానీ, మంటలార్పే సిలిండర్ గానీ కొని సోడా గ్యాస్ పట్టించండి. ఒక బాల్ వాల్వ్, ఒక పైపు చాలు. డిక్కీలో పడేసుకుంటే ఎక్కడైనా క్షణాల్లో గాలి కొట్టుకోవచ్చు." ఇదీ సారాంశం. సోడా గ్యాస్ అంటే కార్బన్ డయాక్సైడే. ఆ కింద లాభాల జాబితా. చదివిన కొద్దీ ఒళ్లు మండుతోంది.

చిన్నవి ముందు తేల్చేస్తా. మైలేజీ పెరుగుతుందట. పెరగదు. టైరులో ఒత్తిడి సరిగ్గా ఉంటే చాలు, అది ఏ గ్యాసైనా ఒకటే. నెలల తరబడి గాలి దిగదట. ఇది పూర్తిగా తలకిందుల మాట. కార్బన్ డయాక్సైడ్ రబ్బరు గుండా మామూలు గాలికంటే తొందరగా జారిపోతుంది. దారిలో పనికొస్తుంది గానీ, ఇంటికొచ్చాక మళ్లీ గాలి పట్టించుకోవాల్సిందే.

ప్రాణాల మీదికి తెచ్చేది ఆ పాత బండ. వంటింటి బండను సుమారు 25 బార్ ఒత్తిడి పెట్టి పరీక్షిస్తారు (ఒక బార్ అంటే టైర్ల లెక్కలో దాదాపు 14.5 పీఎస్‌ఐ). అందులో ఉండాల్సిన వంట గ్యాస్‌కు అది చాలా ఎక్కువే. కానీ కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా ఉన్న సిలిండర్‌లో 20 డిగ్రీల దగ్గరే ఒత్తిడి 57 బార్ ఉంటుంది. 30 డిగ్రీలకు 72. అంటే ఏసీ గదిలో పెట్టినా పరీక్ష ఒత్తిడికి రెండింతలు దాటిపోయింది. ఇక 31 డిగ్రీలు దాటాక ద్రవమంటూ మిగలదు. అక్కడి నుంచి ఎంత గ్యాస్ కుక్కారన్నదాన్ని బట్టి ఒత్తిడి ఎగబాకుతుంది. అందుకే ఈ సిలిండర్లను గేజ్ చూసి నింపరు, కాటా మీద పెట్టి తూకం చూసి నింపుతారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం. ఆ ఎండకు బండిని ఆటోనగర్‌లో ఒక మధ్యాహ్నం ఆపితే డిక్కీలో సిలిండర్ ఏమవుతుందో ఈ మెసేజ్ రాసిన పెద్దమనిషి ఒక్క క్షణమైనా ఆలోచించాడా? పైగా ఆ బండ మనది కాదు, డిపాజిట్ మీద కంపెనీ ఇచ్చింది. దానికి వెల్డింగ్ చేసి, వేరే గ్యాస్ పట్టించడం 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనల ప్రకారం నేరం కూడా.

మంటలార్పే సిలిండర్ గట్టిదే కదా అంటారు. కార్బన్ డయాక్సైడ్ రకమైతే గట్టిదే, ఆ గ్యాస్ కోసమే చేసినది. కానీ లోపల అడుగుదాకా ఒక గొట్టం ఉంటుంది. నిటారుగా పెట్టి తెరిస్తే పైనున్న గ్యాస్ రాదు, అడుగునున్న ద్రవం వస్తుంది. బయటికి రాగానే మైనస్ 78 డిగ్రీల తెల్లటి మంచుపొడి అవుతుంది. ఇత్తడి ఫిట్టింగ్ మీద మంచు పేరుకుంటుంది, పైపు కట్టెలా బిగుసుకుపోతుంది, పట్టుకున్న వేళ్ల చర్మం కాలినట్టు ఊడుతుంది. టైరు నింపడానికి ఆ గొట్టం లేని సిలిండర్ కావాలి, దాన్ని నిలబెట్టే వాడాలి.

ఒత్తిడి తగ్గించి ఇచ్చే రెగ్యులేటర్ దండగ, బాల్ వాల్వ్ చాలు అన్న మాట రాయడానికి చేతులెలా వచ్చాయో! టైరులో ఉండాల్సింది 32 పీఎస్‌ఐ. సిలిండర్‌లో ఉన్నది వెయ్యి. మధ్యలో ఉన్నది చేత్తో తిప్పే ఒక పిడి! టైరు పక్కన మోకాళ్ల మీద కూర్చునే మనిషి ముఖం ముందు ఆ టైరు పేలితే ఆసుపత్రిదాకా కూడా వెళ్లక్కర్లేదు.

డిక్కీ సంగతి ఇంకోటుంది. నాలుగైదు కిలోల సిలిండర్ కారుతూ ఉంటే రెండు వేల లీటర్లకు పైగా గ్యాస్ వస్తుంది. అద్దాలు ఎక్కించి ఏసీ వేసుకున్న కారులో అంతా కలిపి మూడు వేల లీటర్ల గాలి ఉంటే గొప్ప. ఊపిరాడక స్పృహ తప్పిన పిల్లలను చూసి వెనక సీట్లో నిద్రపోయారనుకుంటాం.

ఇంత తిట్టినా ఒకటి ఒప్పుకోవాలి. అసలు ఆలోచన మంచిదే. కిలో కార్బన్ డయాక్సైడ్‌తో 500 లీటర్లకు పైగా గ్యాస్ వస్తుంది. ఇసుక కోసం 18 పీఎస్‌ఐకి దించిన నాలుగు జీపు టైర్లను మళ్లీ 32కి తేవడానికి సుమారు అరకిలో చాలు. చిన్న కంప్రెసర్ ఒక్క టైరుకే అవస్థ పడే సమయంలో ఇది నాలుగూ పూర్తి చేస్తుంది. బయటి దేశాల్లో ఆఫ్‌రోడ్ చేసేవాళ్లు ఏళ్లుగా వాడుతున్నారు. అయితే వాళ్లు వాడేది ఆ గ్యాస్ కోసమే తయారై, పరీక్ష తేదీ కొట్టి ఉన్న సిలిండర్. దానికి కార్బన్ డయాక్సైడ్ రెగ్యులేటర్, సేఫ్టీ వాల్వ్, ఆ ఒత్తిడికి తగిన హోస్, బండికి గట్టిగా బిగించే క్లాంపులు ఉంటాయి. మన దగ్గర కూడా పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి ఉన్న సిలిండర్ కొని, లైసెన్స్ ఉన్నచోటే నింపించుకోవాలి. ఆ ఖర్చు లెక్కేస్తే మెసేజ్‌లో ఊరించిన చవక ఎక్కడా కనిపించదు.

అంత పెట్టలేకపోతే మంచి 12 వోల్టుల కంప్రెసర్ కొనండి. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెడితే ఫ్యూజ్ పోవచ్చు. ఇంజను ఆన్‌లో ఉంచి, క్లిప్పులు నేరుగా బ్యాటరీకి తగిలించండి. టైరుకీ టైరుకీ మధ్య దాన్ని కాసేపు చల్లారనివ్వండి. అరగంట పడుతుంది, పట్టనివ్వండి.