ఆ డ్రమ్ము మూత ఎవరైనా తీసి చూశారా?

ఇది కోపంలో రాస్తున్న పోస్టు. ముందే చెప్తున్నా, ఆ కోపంలో కొంత వాటా నాది కూడా.

కిందటేడు జూన్ 5న, పర్యావరణ దినోత్సవం పేరుతో మా అపార్ట్‌మెంట్లో మూడు కంపోస్ట్ డ్రమ్ములు పెట్టారు. ఆకుపచ్చ రంగు, తిప్పడానికి పక్కన హ్యాండిలు. రిబ్బన్ కత్తిరించారు, ఫోటోలు దిగాం, వాట్సాప్ గ్రూపు నిండా చప్పట్ల బొమ్మలే. ‘తడి చెత్త ఇక్కడ వేయండి’ అన్న బోర్డు రాసింది నేనే. ఆరు వారాలు తిరిగేసరికి డ్రమ్ము అడుగు నుంచి నల్లటి నీళ్ళు కారడం మొదలైంది. మూత తీస్తే తెల్లగా లుకలుకలాడే పురుగులు, కుళ్ళిన గుడ్ల కంపు. పిల్లలు ఆడుకునే చోట ఇదేం దరిద్రం అని కింది ఫ్లోర్ వాళ్ళు గొడవ. “ఇవన్నీ మనకు కుదరవని నేను అప్పుడే చెప్పాను” అని అప్పుడు ఏమీ చెప్పని ఒకాయన. చివరికి డ్రమ్ములకు తాళం పడింది.

అసలు సంగతి చెప్పింది మా ఆవరణ ఊడ్చే ఆమె. “అన్నీ నీళ్ళ సరుకే పోస్తున్నారు సార్. ఎండాకు ఒక్కటి వెయ్యలేదు. కుళ్ళక ఏమవుద్ది?” అంది. ఆ మాట అనేటప్పుడు ఆమె చంకలో ఏముందో తెలుసా? ఎండాకుల గంప. గేటు పక్కన కాల్చడానికి తీసుకెళ్తోంది. రోజూ కాల్చమని కమిటీ చెప్పిన పనే అది. అంటే కంపోస్టుకు కావాల్సిన సరుకులో సగాన్ని తగలబెట్టి పొగ పీల్చాం, మిగతా సగాన్ని డ్రమ్ములో పెట్టి కుళ్ళబెట్టాం. రెండూ ఒకే ప్రహరీ లోపల, ఒకదానికొకటి యాభై అడుగుల దూరంలో!

దీని వెనకున్న సైన్సు పెద్ద కష్టమేం కాదు. కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు ఒక వంతు నత్రజనికి పాతిక నుంచి ముప్పై వంతుల కార్బన్ కావాలి. వంటింటి తడి చెత్తలో నత్రజని ఎక్కువ, ఎండాకుల్లో కార్బన్ ఎక్కువ. అందుకే ఒక బకెట్ తడి చెత్తకు రెండు మూడు బకెట్ల ఎండాకులు కలపమంటారు. ఆకులు కలిస్తే మధ్యలో గాలాడుతుంది. గాలాడకపోతే వేరే రకం సూక్ష్మజీవులు పని మొదలెడతాయి, కంపుతో పాటు మీథేన్ కూడా వస్తుంది. వందేళ్ళ లెక్కన చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుంది. పర్యావరణ దినోత్సవం రోజున మేం ప్రారంభించింది ఓ బుల్లి మీథేన్ ఫ్యాక్టరీని అన్నమాట.

తాళం తీయించి, ఆమె చెప్పినట్టే ఆకులు కలిపి చూశాం. నాలుగో రోజు ఇనప చువ్వ ఒకటి లోపలికి గుచ్చి, కాసేపాగి తీసి పట్టుకున్నాను. చెయ్యి చురుక్కుమంది. కుప్ప సరిగ్గా పని చేస్తే లోపల 55 నుంచి 65 డిగ్రీల దాకా వేడి పుడుతుందని చదివాను గానీ, ఆ వేడి చేతికి తగిలినప్పుడు కలిగిన సంతోషం వేరు. కంపు పోయింది. వాన పడ్డాక మట్టి వాసన ఉంటుంది చూడండి, అది వచ్చింది.

నా గొడవంతా ఇక్కడే. డ్రమ్ములకు బడ్జెట్ ఉంది, బోర్డుకు ఉంది, ఫ్లెక్సీకి కూడా ఉంది. రోజూ కలియబెట్టే మనిషికి మాత్రం లేదు. ఆకుల సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషిని మీటింగుకు పిలవాలని మాలో ఒక్కరికీ తోచలేదు. దీన్నే మనం ‘సుస్థిర ఆవిష్కరణ’ (సస్టైనబుల్ ఇన్నోవేషన్) అని పెద్ద పేరు పెట్టి పిలుచుకుంటున్నాం. ఆరంభ శూరత్వం అనే మంచి మాట మనకుంది, అది వాడితే సరిపోతుంది.

బయట చక్కగా నడిచిన చోట్ల ఏం చేశారో చూడండి. జపాన్‌లో కమికట్సు అనే చిన్న పట్టణం ఉంది. చెత్త కాలిస్తే వచ్చే డయాక్సిన్ అనే విష పదార్థాల మీద నిబంధనలతో చెత్త కాల్చే కొలిమిని మూసేయాల్సొచ్చింది. 2003లో చెత్తే లేకుండా చేస్తామని ప్రకటించుకున్నారు. ఇళ్ళ దగ్గరికి చెత్త బండి రాదు. జనమే కడిగి, ఆరబెట్టి, కేంద్రానికి తెచ్చి నలభైకి పైగా రకాలుగా వేరు చేస్తారు. అందులో కొత్త టెక్నాలజీ ఏమీ లేదు, ఉన్నదంతా విసుగు పుట్టించే పనే. 2020 నాటికి చెత్తలో నూరు శాతం తిరిగి వాడకానికి మళ్ళాలనుకున్నారు, కాలేదు. 80 శాతం దగ్గర ఆగింది. దాన్ని వైఫల్యం అనేవాళ్ళు ముందు తమ ఇంటి శాతం చెప్పాలి.

డెన్మార్క్‌లో సామ్‌సో ద్వీపం కథ వేరు. పూర్తిగా పునరుత్పాదక శక్తికి మారే ప్రణాళిక ఎవరిది బాగుంటుందని ప్రభుత్వం పోటీ పెడితే 1997లో వాళ్ళు గెలిచారు. నేల మీద 11, సముద్రంలో 10 గాలిమరలు నిలబెట్టారు. గాలిమర కనబడితే చాలు కోర్టుకెళ్ళే ఊళ్ళున్నాయి. ఇక్కడ మాత్రం కొన్ని మరలు రైతులవి, కొన్ని వాటాలు కొన్న జనానివి, సముద్రంలోవి సగం మున్సిపాలిటీవి. మర తిరిగితే తనకూ నాలుగు డబ్బులు వస్తాయంటే ఆ చప్పుడు ఎవరికి చేదు? ఇదేదో స్వార్థం అని మూతి తిప్పుకునే వాళ్ళున్నారు. నా దృష్టిలో ఇదే అసలు ఇంజినీరింగ్.

గుడ్డ సంచుల సంగతి కూడా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ప్రతి మీటింగులో ఒకటి చేతిలో పెడతారు. మా ఇంట్లో పదకొండు పోగయ్యాయి, లెక్కపెట్టాను. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో వేసిన లెక్క ప్రకారం, వాతావరణ మార్పు ఒక్కటే చూసుకున్నా మామూలు నూలు సంచిని కనీసం 52 సార్లు వాడితేనే పల్చటి ప్లాస్టిక్ సంచితో సమానం. అన్ని రకాల ప్రభావాలూ కలిపితే 7,100 సార్లు! ఆ లెక్కలో సముద్రంలోకి కొట్టుకుపోయే ప్లాస్టిక్ సంగతి లేదు, నిజమే. కాబట్టి ప్లాస్టిక్కే మేలని అర్థం కాదు. ఉన్న సంచిని చిరిగేదాకా వాడమని, పన్నెండోది పంచొద్దని.

రిపేర్ కేఫ్‌లు నాకు నచ్చేది కూడా ఇందుకే. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టినే పోస్ట్‌మా మొదలెట్టారు. పాడైన వస్తువు పట్టుకెళ్తే, పని తెలిసినవాళ్ళు పక్కన కూచుని మన చేతే బాగు చేయిస్తారు. అక్కడ రిబ్బన్ కట్ చేయడానికి ఏమీ ఉండదు. ఓ స్క్రూ డ్రైవరు, ఓ పాత మిక్సీ.

మళ్ళీ జూన్ వస్తోంది. ఈసారి యాభై మొక్కలు నాటుదామని కమిటీ ప్రతిపాదన. కిందటి ఏటి ముందు ఏడు నాటిన ముప్ఫైలో ఎన్ని బతికాయని అడిగాను. సమాధానం లేదు గానీ “నెగెటివ్‌గా మాట్లాడకండి” అని మాత్రం వచ్చింది. అందుకని గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను. కొత్తవి ఏమీ వద్దు, ఆ డబ్బుతో ఊడ్చే ఆమెకు కంపోస్ట్ పనికి విడిగా జీతం ఇద్దాం, డ్రమ్ము తిప్పే పని ఫ్లాటుకో రోజు వంతు వేసుకుందాం, మొదటి వంతు నాది అని.

రెండు లైకులు వచ్చాయి. ఒకటి నేను పెట్టుకున్నదే.