‘టి’ని అడిగితే జావా ఎందుకు చెప్పదు?

నల్గొండ మార్కెట్ యార్డు కోసం జావా భాషలో చిన్న ప్రోగ్రాం రాస్తున్నామనుకుందాం. వడ్లు, పత్తి రెండు క్లాసులు. తేమ వడ్లలో 17 శాతం, పత్తిలో 12 శాతం దాటితే మద్దతు ధరకు కొనరు. ఈ పరిమితి ఏ ఒక్క రైతు కుప్పదో కాదు, మొత్తం పంటది. కాబట్టి స్టాటిక్ మెథడ్‌గా, అంటే ఏ ఆబ్జెక్టూ లేకుండా క్లాసు పేరు మీదే పిలిచేదిగా పెడతాం. ఇక ఏ పంటకైనా పనికొచ్చేలా ఒక జెనెరిక్ మెథడ్ రాసి, అందులో పంట క్లాసు పేరుకు బదులుగా నిలిచే టైప్ పారామీటర్ ‘టి’ మీద ఆ స్టాటిక్ మెథడ్‌ని పిలిస్తే జావా కంపైలర్ మొండికేస్తుంది. ‘క్యానాట్ సెలెక్ట్ ఫ్రమ్ ఎ టైప్ వేరియబుల్’ అంటుంది, అంటే టి నుంచి దేన్నీ ఎంచుకోలేమని.

ఎందుకని వైవాలో అడిగితే మన పిల్లలు టక్కున చెప్పే జవాబు టైప్ ఎరేజర్. 2004లో జావా 5తో జెనెరిక్స్ వచ్చినప్పుడు, పాత కోడ్ దెబ్బతినకుండా కంపైల్ అయ్యాక టైప్ వివరాలు చెరిపేసే పద్ధతి ఎంచుకున్నారు. ప్రోగ్రాం నడిచేటప్పుడు టి అంటే వడ్లో పత్తో దానికి తెలియదు.

మార్కులైతే పడతాయి గానీ ఇది సగం జవాబే. 2005లో జెనెరిక్స్ తెచ్చిన సి షార్ప్ భాష ఏమీ చెరపదు, నడిచేటప్పుడు కూడా టి ఏంటో దానికి తెలుసు. అయినా ఈ పిలుపు కుదరడానికి 2022 నవంబర్‌లో వచ్చిన సి షార్ప్ 11 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే అసలు లోటు పూచీది. టి స్థానంలోకి వచ్చే ప్రతి క్లాసులో ఆ స్టాటిక్ మెథడ్ ఉంటుందని కంపైలర్‌కు ఎవరు హామీ ఇవ్వాలి? జావాలో స్టాటిక్ మెథడ్ ఓవర్‌రైడ్ కాదు (పిల్ల క్లాసు దాని స్థానంలో తనది పెట్టలేదు), క్లాసులో ఏ మెథడ్లు ఉండాలో చెప్పే ఇంటర్‌ఫేస్ దాన్ని రాసి తీరాలని క్లాసుని బలవంతపెట్టలేదు. సి షార్ప్ 11 స్టాటిక్ ఆబ్‌స్ట్రాక్ట్ మెంబర్లతో ఇచ్చింది ఆ అధికారమే. రస్ట్ భాషలో ఇంటర్‌ఫేస్ లాంటి ట్రెయిట్లు ఈ పని మొదటి నుంచీ చేస్తున్నాయి. సి ప్లస్ ప్లస్ టెంప్లేట్లు హామీ అడక్కుండానే ఒప్పుకుంటాయి, అందుకే తేడా వస్తే పేజీల కొద్దీ ఎర్రర్లు.

జావాలో ‘లిస్టులో మొదటి కుప్పని అడుగుదాం’ అని కొందరు ఆబ్జెక్టు మీద పిలిచే ఇన్‌స్టాన్స్ మెథడ్‌తో నెట్టుకొస్తారు. లిస్టు ఖాళీగా ఉంటే ఎవర్ని అడుగుతారు? దానికంటే పంట నియమాలను వేరే ఆబ్జెక్టుగా చేసి మెథడ్‌కి పంపడం మేలు. ఇది అడ్డదారేమీ కాదు. హాస్కెల్ భాషలో టైప్ క్లాసులు (ఒక టైప్‌కు ఏ ఫంక్షన్లు ఉండాలో చెప్పేవి) వాడితే జీహెచ్‌సీ కంపైలర్ లోపల చేసేది దాదాపు ఇదే, కాకపోతే ఆ ఆబ్జెక్టుని మనకు కనపడకుండా తనే పంపుతుంది.