కౌబాయ్ టోపీ గారికి ఒక శనక్కాయ రైతు అర్జీ

మహారాజశ్రీ కౌబాయ్ టోపీ గారి దివ్యసముఖానికి,

ఉత్తర టెక్సస్‌లో ఒక వాగు ఒడ్డున కాస్త నేల కొనుక్కుని, వారమంతా కంప్యూటర్ ముందు, శనాదివారాలు మట్టిలో బతికే అనంతపురం జిల్లావాడు నమస్కరించి రాసుకునే అర్జీ. ఉభయకుశలోపరి. ఉభయులంటే మీరూ, అడవిపందులూ. నా శనక్కాయ చేను ఆ లెక్కలో లేదు.

మొన్న శనివారం తమరు వేంచేస్తారని మధ్యాహ్నం నుంచీ గేటు తాళం తీసి కూచున్నాను. "పొద్దుగూకేలోపు వస్తాం, మందకు మందనే లేపేస్తాం, మీకు ఒక్క డాలరు ఖర్చు లేదు" అని ఫోన్లో మాటిచ్చింది తమరిని నెత్తిన పెట్టుకున్న పెద్దమనిషే. పొద్దుగూకింది. దోమలొచ్చాయి. తెచ్చుకున్న చిత్రాన్నం అయిపోయింది. బాగా రాత్రయ్యాక రెండు ట్రక్కులొచ్చి ఆగాయి. వాటిలోంచి తమరు, తమరి బంధుమిత్రులు, చీకట్లో వేడిని పసిగట్టే స్కోపులు బిగించిన తుపాకులు, ఐసు పెట్టె నిండా బీరు దిగాయి. కాసేపు ఢాం ఢాం. రెండు పందులు పడ్డాయి. మిగతా మంద తలో దిక్కుకీ చెదిరి వాగు దాటింది. పడినవాటిలో పెద్దదాని కోరలు బాగా కనపడేట్టు దాని మూతి కింద ఒక కట్టెపుల్ల నిలబెట్టి, వెనక మోకాళ్ళ మీద కూచుని, తమరిని కొంచెం పక్కకి వంచి ఫోటోలు దిగారు. వేటకి పట్టిన సమయం కంటే ఫోటోలకి పట్టిందే ఎక్కువ. పోతూ పోతూ నాకొక సలహా కూడా: "బోనులవీ పెట్టకండి సార్, పందులు బెదిరిపోతాయి. వచ్చే నెల మళ్ళీ వస్తాం."

పందులు బెదిరిపోతాయట!

ఆదివారం రాత్రికే అవి తిరిగొచ్చాయి. విత్తిన సాలు పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసదాకా, గింజ గింజకీ మూతి దించి, ఒక్కటి మిగలకుండా ఏరుకు తిన్నాయి. అంత వరసగా నేను విత్తను కూడా లేదు.

ఇవి ఇక్కడి జంతువులు కావని తమరికి తెలియంది కాదు. 1539లో హెర్నాండో డి సోటో అనే స్పెయిన్ దొర తన దండు తిండికోసం ఫ్లోరిడాలో పందుల్ని దింపాడు. తర్వాత వచ్చినవాళ్ళు ఇంటి పందుల్ని అడవి మేతకి వదిలేసి మరిచిపోయారు. అంతవరకూ అయితే సరే, కడుపుకోసం చేసిన పని. 1912లో నార్త్ కరోలినాలోని హూపర్ బాల్డ్ కొండ మీద డబ్బున్నవాళ్ళ వేట సరదా కోసమని యూరప్ నుంచి అసలు సిసలు అడవిపందుల్ని తెప్పించారు. అవి కంచె దాటి పోయి, వదిలేసిన ఊరపందులతో కలిశాయి. టెక్సస్‌లోనూ 1930లలో అదే సరదా, అదే తంతు. ఇప్పుడు ఈ రాష్ట్రంలో మన జిల్లాల్లాంటి కౌంటీలు 254 ఉంటే 253 కౌంటీల్లో వాటి కాపురం. మిగిలింది ఎల్ పాసో ఒక్కటే, దానికి ఎవరైనా దిష్టి తీయాలి. వేటకోసం తెచ్చిపెట్టుకున్నదాన్ని వేటతోనే వదిలించుకుంటామని తమరు అంటుంటే, నవ్వాలో ఏడవాలో తెలియక ఈ అర్జీ.

నిజం చెప్పాలంటే ఈ రాష్ట్రానికి వచ్చిన కొత్తలో తమరి మీద నాకు జాలే ఉండేది. ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడి కళ్ళల్లో ఒక బొమ్మ లేస్తుంది చూశారా, ఆ బొమ్మని నేనూ మోశాను. హైదరాబాదు హాస్టల్లో మాది అనంతపురం అనగానే మొదటి ప్రశ్న: "మీ ఊళ్ళో బాంబులు ఇంట్లోనే చుడతారంట కదా?" రెండోది: "మీకెన్ని సుమోలున్నాయి?" మా ఇంట్లో ఉన్నది ఒక సైకిలు, అదీ నాయన బ్యాంకుకి పోయి పంట అప్పు తిరగరాయించుకోను. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి మాది. వాన మొహం చాటేసిన సంవత్సరం శనక్కాయ చెట్టుకి నాలుగు కాయలు కూడా ఉండేవి కావు, ఊళ్ళకి ఊళ్ళు బెంగళూరు బస్సెక్కేవి. అదెవరికీ కథగా పనికిరాలేదు. తొడ కొట్టడం మాత్రం పనికొచ్చింది. సినిమావాళ్ళు దానితో మేడలు కట్టుకున్నారు. అంతకన్నా నన్ను బాధపెట్టింది ఇంకొకటి. మా కుర్రాళ్ళే కొందరు ఆ తెర మీది బొమ్మని చూసి మురిసిపోయి, అద్దంలో మీసం తిప్పుకోవడం మొదలుపెట్టారు. వెక్కిరించేవాడు గీసిన బొమ్మనే పటం కట్టించి ఇంట్లో తగిలించుకున్నారు.

తమరి కథా అంతే కదా.

2019 ఆగస్టులో తుపాకుల నిషేధం మీద ఏదో వాదన జరుగుతుంటే, ఆర్కన్సాలో ఒకాయన ట్విట్టర్‌లో అడిగాడు: పిల్లలు ఆడుకుంటున్న పెరట్లోకి మూడు నుంచి ఐదు నిమిషాల్లో 30 నుంచి 50 అడవిపందులు దూసుకొస్తే నేనెలా చంపాలి అని. దేశమంతా పొట్ట పట్టుకుని నవ్వింది. దక్షిణాది పల్లెటూరి మొద్దు, తుపాకీ పిచ్చోడు, పందుల్ని కలగంటున్నాడు అన్నారు. తుపాకుల గురించి ఆయన చెప్పినదానితో నాకు పేచీ ఉంది. పందుల గురించి మాత్రం ఆయన అబద్ధమాడలేదు. నవ్విన వాళ్ళలో ఎంతమందికి తెలుసో గానీ, న్యూయార్క్ రాష్ట్రంలోనూ ఈ పందులుండేవి. అక్కడా వేట తోటల కంచెల్లోంచి తప్పించుకున్నవే. ఆ రాష్ట్రం 2014లో వాటిని జనం వేటాడటాన్ని నిషేధించింది. అధికారులు బోనులు పెట్టి మందల్ని మందలుగా పట్టారు. 2016లో ఇక లేవు అని ప్రకటించారు. అక్కడున్నవి కొద్ది, ఇక్కడున్నవి లక్షలు, ఒప్పుకుంటాను. అయినా వరస చూడండి: ముందు తుపాకులు దించమన్నారు, ఆ తర్వాతే పందులు పోయాయి.

మరి తమరి రాజ్యంలో? 2011లో హెలికాప్టర్లోంచి పందుల్ని కాల్చుకునే సరదాని డబ్బు తీసుకుని అమ్మొచ్చని చట్టం చేశారు. ఆ బిల్లు తెచ్చిన అప్పటి శాసనసభ్యుడు సిడ్ మిల్లర్ గారు తమరు లేకుండా బయట కనపడరు. 2017లో వేడిగాలి బుడగల్లోంచి కూడా కాల్చొచ్చన్నారు. బుడగ మీద నించుని, కింద పరిగెత్తే పందిని! దసరా ఏనుగు అంబారీ ఒక్కటే తక్కువ. 2019లో ప్రైవేటు భూముల్లో పందివేటకి లైసెన్సే అక్కర్లేదన్నారు. ఇన్ని చేసినా లెక్క మాత్రం పందుల పక్షానే ఉంది. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వ్యవసాయ విస్తరణవాళ్ళు ఎప్పటినుంచో చెబుతున్నదే: ఏటా మూడింట రెండు వంతుల పందుల్ని తీసేస్తే గానీ వాటి సంఖ్య ఉన్నచోట ఉండదు. తగ్గడం కాదు, ఉన్నచోట ఉండటం. తుపాకులూ బోనులూ హెలికాప్టర్లూ అన్నీ కలిపినా అంత దూరం పోవడం లేదు. ఆడపంది ఏడాది తిరక్కముందే ఈనడానికి సిద్ధం, ఏడాదిలో రెండు ఈతలు కూడా ఈనగలదు. తమరేమో నెలకొకసారి రెండు పందుల్ని కొట్టి, మిగతావాటికి ఎటు పారిపోవాలో పాఠం చెప్పి పోతున్నారు.

అదే సిడ్ మిల్లర్ గారు వ్యవసాయ కమిషనర్ అయ్యాక 2017లో ఎలుకల మందులో వాడే వార్ఫరిన్ కలిపిన పంది మేతకి అనుమతిచ్చి, పందులకి ఇక ప్రళయమే అని ప్రకటించారు. అప్పుడు గొడవకి లేచిందెవరు? పందుల తరఫున జంతుప్రేమికులు ఎలాగూ లేస్తారు. వాళ్ళతో సమానంగా లేచింది వేటగాళ్ళు, పందిమాంసం వ్యాపారులు. వ్యవహారం కోర్టుకెక్కింది, అప్పటికి కంపెనీవాళ్ళే వెనక్కి తగ్గారు. విషం మీద భయం నాకూ ఉంది, దాన్ని తినేది పందులొక్కటే కాదు. కానీ పందులు పోతాయేమో అనగానే వేటగాడి గుండె గుభేలుమందే, అది మాత్రం మరచిపోలేను.

ఇక టెనెస్సీ. ఇది రాస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది కాబట్టి మీరు లేదు, గారు లేదు. విను. 1999లో ఆ రాష్ట్రం పందుల్ని తగ్గిద్దామని, ఎన్నయినా కొట్టుకోండని రాష్ట్రమంతటా వేట తెరిచింది. అంతకుముందు తూర్పున ఏవో కొన్ని కౌంటీల్లో ఉన్న పందులు, ఆ వేటాడుకునే రోజుల్లోనే 95 కౌంటీల్లో దాదాపు 80కి పాకాయి. నడిచి పోలేదు. ట్రక్కెక్కి పోయాయి. మా ఊళ్ళో కూడా వేట ఉండాలి అనుకున్న నీ భక్తులే వాటిని ప్రాణాలతో పట్టుకుని, రాత్రిపూట తీసుకుపోయి, కొత్త అడవుల్లో వదిలారు. కంచే చేను మేసింది. 2011కి ఆ రాష్ట్రానికి బుద్ధొచ్చి, పందిని వేట జంతువుల జాబితాలోంచే తీసేసింది. కాన్సస్ 2006లోనే సరదా వేట కట్టిపెట్టింది. మిస్సోరీ సంరక్షణ శాఖవాళ్ళు పంది కనిపిస్తే మాకు చెప్పండి, మీరు మాత్రం కాల్చకండి అంటారు. వాళ్ళెవరూ తుపాకీ అంటే భయపడే ఊళ్ళవాళ్ళు కాదు. పందికి రేటు కట్టిన రోజే పంది బతికిపోయిందని వాళ్ళకి అర్థమైంది. నీకు అర్థం కాలేదా? కాకేం, అయింది! హెలికాప్టరుకి గంటకింత, గైడుకింత, ఆ భూమి ఆసామికింత. పంది పోతే ఈ బేరమంతా పోదూ? పంట పోయేది నాది, బొమ్మ మెరిసేది నీది. మాంసంకోసం ఒక పందిని కొట్టి ఇంటికి తీసుకుపోయేవాడితో నాకే గొడవా లేదు. రాత్రిపూట తన చేలో పడ్డదాన్ని కాల్చే రైతుతో అసలే లేదు. నా గొడవల్లా రైతుని కాపాడటానికొచ్చానని చెప్పి, నా చేలో ఫోటో దిగి, నన్ను బోను పెట్టొద్దన్న నీతోనే.

మా పక్క పొలంలో ఆవుల్ని పెంచే ఒక పెద్దాయన ఉన్నాడు. పుట్టింది ఇక్కడే, తుపాకీ ట్రక్కులోనే ఉంటుంది, ఓటు ఎవరికేస్తాడో నేను అడగను. ఆయన నెత్తిన కూడా నువ్వే. కాకపోతే ఆ టోపీ రంగేమిటో ఎవరూ చెప్పలేరు, అంచు చుట్టూ చెమట పేరుకుని గట్టిపడిపోయింది. ఎండకి నీడ, మొక్కజొన్నలు తెచ్చుకోను గంప, ఈగలు తోలుకోను విసనకర్ర. మా నాయన తలగుడ్డ చేసిన చాకిరీ అంతా చేస్తుంది. సోమవారం పొద్దున నా చేను చూసి ఆయన ఉమ్మేసి అన్నాడు: "వాళ్ళకి కావాల్సింది పంది కాదు, శనివారం రాత్రి."

ఆయన పద్ధతి వేరు. గుండ్రంగా కంచె బోను, తలుపు పైకెత్తి ఉంటుంది, లోపల మొక్కజొన్నలు, చెట్టుకి కెమెరా. రోజుల తరబడి తలుపు వేయడు. మంద అలవాటు పడాలి. పిల్లలు వస్తాయి, తల్లులు వస్తాయి, అనుమానపు ముసలిది ఒకటి బయటే తిరుగుతూ ఉంటుంది. అదీ లోపలికొచ్చేదాకా ఆయన మంచం మీద పడుకుని ఫోన్లో చూస్తూనే ఉంటాడు. వచ్చాక మీట నొక్కుతాడు, తలుపు పడుతుంది. తప్పించుకుని పాఠం నేర్చుకునే పంది ఒక్కటీ మిగలదు. ఇందులో ఢాం లేదు, బీరు లేదు, ఫోటో అసలే లేదు. చూడ్డానికి ఎవడూ టికెట్టు కొనడు. సినిమా తీస్తే మొదటి ఆటకే బెంచీలు ఖాళీ. ఈ పెద్దాయన ఏ జోకులోనూ ఎందుకు లేడో నాకిప్పుడు తెలిసింది. ఉత్తరాదివాళ్ళ జోకుకీ ఆయన పనికిరాడు, నీ ఫోటోకీ పనికిరాడు.

కాబట్టి నా కోరికలు రాసుకుంటున్నాను. నా గేటుకి తాళం మార్చాను, వచ్చే నెల దయచేయవద్దు. బోను పెద్దాయనతో కలిసి చెరిసగం వేసుకుని కొంటున్నాం, బెదిరిపోయే పందులుంటే నీ ఇంటికి పిలిపించుకో. తిరిగి విత్తడానికి శనక్కాయ విత్తనం ఖర్చు, ట్రాక్టరు బాడుగ, వదిలిపోయిన బీరు డబ్బాలు ఏరిన కూలి వేసి చీటీ పంపుతున్నాను, చెల్లించగలవు. ఆయన నెత్తి మీదున్న టోపీకి మాత్రం నా నమస్కారం అందజేయి.

ఇట్లు,
బాంబులు చుట్టడం రాని సీమవాడు

తా.క.: ఇంత రాశాక న్యూజెర్సీ నుంచి మా బావ ఫోను. "ఏం బామ్మర్దీ, అక్కడ బాంబులు, ఇక్కడ పందులు, నీ జాతకమే అంతరా" అని, మీ టెక్సస్ జనానికి తుపాకీ తప్ప ఇంకేం తెలుసని ఓ అరగంట నవ్వాడు. ఫోను పెట్టేసే ముందు గొంతు తగ్గించి అడిగాడు: థాంక్స్ గివింగ్ సెలవులకి వస్తున్నాడట, ఆఫీసు స్నేహితులు కూడా ఉన్నారట, ఆ హెలికాప్టర్ వేటకి మనిషికెంతో కనుక్కోమన్నాడు. టోపీ అప్పుడే ఆర్డరు పెట్టేశాడట.