చిన్న కమతాలకు ఆ లెక్క సరిపోదు
బ్రెజిల్‌లో లాగా పెద్ద యంత్రాలతో నరికితే జామాయిల్ రైతుకు కోత ఖర్చు తగ్గుతుందని ఒక వ్యాసంలో చదివాను. ఆ మాటతో నేను ఏకీభవించలేను. బ్రెజిల్‌లో తగ్గుతుంది, ఎందుకంటే అక్కడ వందల హెక్టార్ల తోట ఒకే యజమానిది, చెట్టును ఆరేడేళ్లు పెంచుతారు. యంత్రం సన్న చెట్టును పట్టి, కోసి, బెరడు ఒలిచి ముక్కలు చేయడానికీ లావు చెట్టుకూ పట్టే సమయంలో పెద్ద తేడా ఉండదు. అందుకే చెట్టు సన్నగా ఉంటే టన్నుకు ఖర్చు పెరుగుతుంది. మా ప్రకాశం జిల్లాలో మేము నాలుగేళ్లకే కొట్టేస్తాం, అవి తొడ లావు కూడా ఉండవు. నాకున్నది ఐదెకరాలు. అంత పెద్ద యంత్రాన్ని లారీ మీద ఇక్కడికి చేర్చడానికే ఎంత అవుతుందో ఆ వ్యాసంలో లెక్క వేయలేదు. మరో సంగతి, మోడు. రెండో పంటకు మొక్కలు కొనం, మోడు నుంచి వచ్చే పిలకలనే పెంచుతాం. రెండేళ్ల క్రితం ఒక గుత్తేదారు పొక్లెయిన్ తెచ్చి దుంగలు లాగించాడు. అది తిరిగిన సాళ్లలో మోళ్ల బెరడు చీలిపోయింది, నేల గట్టిపడింది, చాలా మోళ్లు పిలకే వేయలేదు. ఆ నష్టం నాదే, గుత్తేదారుది కాదు. కూలీలు దొరకడం కష్టమైన మాట నిజమే. కానీ మాకు కావలసింది చేతి రంపపు మిషన్లు, ట్రాక్టరుకు తగిలించుకునే చిన్న బెరడు ఒలిచే యంత్రం. వాటిని నలుగురైదుగురు రైతులం కలిసి కొనుక్కోగలం.