అరగంటకొక చావు

మా ఇంట్లో కంప్యూటర్‌కు ఇద్దరు యజమానులు. పగలు మా నాయన, రాత్రి నేను.

నాయన రిటైరైన లెక్కల మాస్టారు. బడికి పోయే రోజుల్లో కంటే ఇప్పుడే ఆయనకు తీరిక తక్కువ. తిరుపతిలో సొంతిల్లు ఉన్నవాడికి బంధువులు ఎంతమందో వాడికే తెలియదు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోటా ఆన్‌లైన్‌లో వదిలే రోజు మా ఇంట్లో పబ్లిక్ పరీక్ష రోజు లెక్క. చిత్తూరు మామ కుటుంబం, నెల్లూరు చిన్నమ్మ, ఎప్పుడో రైల్లో పక్క సీట్లో కూర్చుని పులిహోర పంచుకున్న హైదరాబాదు పెద్దమనిషి, అందరి ఆధార్ నంబర్లూ ఒక రూళ్ల పుస్తకంలో వరసగా రాసిపెట్టుకుని, తొమ్మిదిన్నరకే తలస్నానం చేసి కంప్యూటర్ ముందు కూర్చుంటాడు.

రాత్రి తొమ్మిదిన్నర దాటాక అది నా రాజ్యం. నేను ఆడేది అయిదుగురు ఒక జట్టుగా ఆడే తుపాకుల ఆట. నాతోపాటు శ్రీకాళహస్తి వాడొకడు, చంద్రగిరి వాడొకడు, పీలేరు నుంచి అన్నదమ్ములిద్దరు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నానంటే పెరట్లో పిడుగు పడినా నాకు తెలియదు.

కంప్యూటర్ ఆన్ చేయగానే డెస్క్‌టాప్ మీద అక్క పెళ్లి ఫోటోలు, మేనల్లుడికి పుట్టువెంట్రుకలు తీయించినప్పటి ఫోటోలు మారి మారి వస్తుంటాయి. ఉగాదికి అక్క వచ్చినప్పుడు నాయన పోరు పెట్టి అమర్చుకున్న ఏర్పాటది. ఆటలోకి పోతే అవెలాగూ కనపడవు కాబట్టి నేను పట్టించుకోలేదు.

ఆ ఏప్రిల్‌లోనే రోగం మొదలైంది. ఒకటి కాదు, రెండు. మొదటిది నత్తి. తెర మీద మనిషి పరుగెత్తడు, పరు... పరు... పరుగెత్తుతాడు. రెండోది మూర్ఛ. ఉన్నట్టుండి బొమ్మ, శబ్దం, మౌస్ అన్నీ ఆరేడు సెకన్లు బిగుసుకుపోతాయి. మళ్లీ కదలిక వచ్చేసరికి నేను నేల మీద పడి ఉంటాను. నన్ను కాల్చినవాడు నా తుపాకీ తీసుకుని తాపీగా నడిచి పోతుంటాడు.

తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషం కట్టినవాళ్ల నోటి తిట్లు దీవెనలతో సమానమని మా ఊరి నమ్మకం. ఆ లెక్కన ఆ నెలలో హెడ్‌ఫోన్‌లో నాకు దక్కిన దీవెనలతో మా వంశం ఏడు తరాలు సుఖంగా ఉండాలి.

"నెట్ మార్చు మచ్చా" అన్నాడు చంద్రగిరి వాడు. వాడి దగ్గర ప్రపంచంలోని అన్ని సమస్యలకూ ఇదే మందు. నెట్ సరిగా లేకపోతే ఎదుటివాళ్లు ఇక్కడ మాయమై అక్కడ తేలతారు, మన మౌస్ మాత్రం మన మాట వింటుంది. ఇక్కడ నా మౌసే నా మాట వినడం లేదు. రోగం ఇంట్లోనే ఉంది.

విచిత్రమేమంటే తెర మూలన ఉన్న మీటర్ మాత్రం సెకనుకు 140 ఫ్రేములు, అంటే 140 బొమ్మలు, వస్తున్నాయని ధీమాగా చెబుతోంది. ఇదేం న్యాయమని నాయనను అడిగితే రూళ్ల పుస్తకం పక్కన పెట్టి, "సగటు చూపిస్తాండాది రా అది. నిన్న 70 వేల మందికి దర్శనం అయ్యిందని పేపర్లో వేస్తారు. పొద్దుట్నుంచీ కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నోడికి ఆ మాట చెబితే ఊరుకుంటాడా?" అన్నాడు. నిజమే. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు. ముందున్నవి తోసుకుంటూ తొందరగా వచ్చేసి, ఒకే ఒక్కటి గడప దగ్గర నిలబడిపోయినా సగటు చెక్కుచెదరదు. కన్ను మాత్రం పట్టేస్తుంది. ఆ రోజు నుంచి మీటర్ మానేసి, ఒక్కో ఫ్రేముకు ఎంత సమయం పడుతోందో గీత గీసి చూపించే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. గీత శేషాచలం కొండల వరసలా వచ్చింది.

వేడి చూశాను. ప్రాసెసర్ 95 డిగ్రీల దగ్గర ఉడుకుతోంది. అంత వేడెక్కితే అది మాడిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అదే నత్తి. క్యాబినెట్ మూత తీశాను. అందులో ఏమేం ఉన్నాయో చెబితే అమ్మకు కోపం వస్తుంది గానీ చెప్పక తప్పదు. దూది పరుపంత దుమ్ము. దాని మీద ప్రతి శుక్రవారం సాంబ్రాణి పొగ పట్టి జిడ్డు తేరిన పొర. ముందు ఫ్యాను జాలీకి కిందటేడు ఆయుధపూజ నాటి బంతిపూల రేకులు ఎండి అతుక్కుని ఉన్నాయి. గాలి పోయే రంధ్రాల్లో సగం గంధంతో, కుంకుమతో మూసుకుపోయాయి.

"పూజ చేస్తే పాడవుతుందా యాడన్నా?" అంది అమ్మ. పాడవుతుంది అనే ధైర్యం నాకు లేదు, ఫ్యాను ముందు కాకుండా పక్కన పెట్టమన్నాను. దానికే రెండు పూటలు మాట్లాడలేదు.

బ్రష్షుతో ఆ జిడ్డు వదల్లేదు. క్యాబినెట్‌ను స్కూటీ కాళ్ల దగ్గర పెట్టుకుని, లీలామహల్ సర్కిల్ వైపు పోయే దారిలో ఉన్న పంచర్ షాపుకు పోయాను. గాలి కొట్టాలన్నాను. అతను పైపు పట్టుకుని స్కూటీ దగ్గర కూర్చుని, "ముందు ఇరవై అయిదు, వెనక ముప్పై, అంతే కదన్నా?" అన్నాడు. బండికి కాదు, దీనికి అన్నాను. అతను క్యాబినెట్‌ను అటు తిప్పి ఇటు తిప్పి, వాల్వు యాడుందో వెతికాడు. సంగతి చెప్పాక మహా ఉత్సాహపడ్డాడు. ముందు పైపులోని నీళ్ల చెమ్మ పోయేదాకా గాలి బయటికి వదలమని, దూరం నుంచి కొట్టమని, గాలికి ఫ్యాన్లు గిర్రున తిరిగితే పాడవుతాయి కాబట్టి ఒక్కోదాని రెక్కలూ నేను వేలితో పట్టుకుంటానని ఒప్పందం. మొదటి దెబ్బకు లేచిన దుమ్ముకు పక్కనున్న టీ బంకువాడు గ్లాసుల మీద పళ్లెం బోర్లించాడు. సాంబ్రాణి వాసన వీధంతా కమ్మింది. ఎవరో చెప్పులు విడిచి దండం పెట్టుకున్నారు కూడా. పది రూపాయలిస్తే అతను తీసుకోలేదు. "కంప్యూటర్‌కు గాలి కొట్టినానని ఇంట్లో చెప్పుకుంటాలే అన్నా" అన్నాడు.

వేడి 78కి దిగింది. నత్తి సగం తగ్గింది. మూత తీసి ఉంది కదా అని ర్యామ్ వైపు చూస్తే రెండు కడ్డీలూ పక్కపక్క స్లాట్లలో అన్నదమ్ముల్లా కూర్చుని ఉన్నాయి. మదర్‌బోర్డు పుస్తకం తీసి చూస్తే ఒకదాన్ని రెండో స్లాటులో, ఇంకోదాన్ని నాలుగోదాంట్లో పెట్టమని ఉంది. పక్కపక్కన పెడితే నా బోర్డులో రెండూ ఒకే దారిలో పోతాయి, విడదీస్తే రెండు దారులు తెరుచుకుంటాయి. దాంతోపాటు ఇంకో ఘోరం బయటపడింది. 3200 వేగమని డబ్బులు పోసి కొన్న ర్యామ్ ఇన్నాళ్లూ 2133 దగ్గరే కాళ్లీడ్చుతోంది. కంప్యూటర్ ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు లేచే బయోస్ అనే ప్రోగ్రాములో ఎక్స్‌ఎంపీ అనే మీట ఒకటి ఉంటుంది, అది వేస్తే తప్ప దాని అసలు వేగం రాదు. బిగించి ఇచ్చినవాళ్లు వేయలేదు, నేను అడగలేదు. వేశాను. నత్తి పూర్తిగా పోయింది.

మూర్ఛ మాత్రం కదల్లేదు.

ఆపైన చేసినవి క్లుప్తంగా చెబుతాను, తలుచుకుంటేనే నీరసం. గ్రాఫిక్స్ డ్రైవర్ కడిగేసి మళ్లీ వేశాను. బయోస్ కొత్తది ఎక్కించాను, అది ఎక్కుతున్న నాలుగు నిమిషాలూ కరెంటు పోకూడదని అమ్మ దేవుడికి దండం పెట్టింది, నేను ఇన్వర్టర్‌కు పెట్టాను. క్యాబినెట్‌ను కంప్యూటర్ షాపుకు తీసుకుపోతే వాళ్ల సొంత ఎస్‌ఎస్‌డీ, అంటే లోపల తిరిగే పళ్లెం లేని కొత్తరకం డ్రైవు, తగిలించి మూడు గంటలు ఆడించారు. ఒక్కసారి ఆగితే ఒట్టు. అయినా మదర్‌బోర్డు మార్చుకోవడం మంచిదని సలహా ఇచ్చారు.

కంప్యూటర్ తన తప్పులన్నీ తానే రాసిపెట్టుకునే చిట్టా ఒకటి ఉంటుంది, ఈవెంట్ వ్యూయర్ అని. చంద్రగిరి వాడు అది తెరిచి చూడమన్నాడు. చూడకుండా ఉండాల్సింది. రక్తపరీక్ష కాగితం డాక్టర్ కంటే ముందు మనం చదువుకున్నట్టు ఉంటుంది అది. ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు వందల కొద్దీ. కంప్యూటర్ ఎప్పుడో చనిపోయిందని, ఇన్నాళ్లూ మొహమాటానికి నడుస్తోందని అనుకున్నాను. తర్వాత వాడి కంప్యూటర్‌లో చూసుకున్నాడు. వాడికి నాకంటే ఎక్కువ ఉన్నాయి. వాడు ఆ రాత్రి ఆడలేదు.

చివరికి గోడ క్యాలెండర్ వెనక చావుల సమయాలు రాయడం మొదలుపెట్టాను. 10.02. 10.32. 11.02. గంట కొట్టినట్టు అరగంటకొకసారి. ఇది యంత్రం పని కాదు, ఎవరో మనిషి పనే అని నాకు అనుమానం వచ్చింది. మేడ మీద అద్దెకున్నాయన బోరు మోటారు వేసినప్పుడల్లా మా లైట్లు ఒక్క క్షణం మసకబారుతాయి. రాత్రి పదకొండు దాటాక తలుపు తట్టి, "అన్నా, మీరు సరిగ్గా రెండు నిమిషాల క్రితం మోటారు వేశారా?" అని అడిగాను. నిద్ర కళ్లతో ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "నీళ్లు రావడం లేదా నాయనా?" అన్నాడు. వస్తున్నాయి అన్నాను. ఇద్దరమూ కాసేపు అలాగే నిలబడ్డాం. మరుసటి రోజు ఆయన భార్య మా అమ్మతో, పిల్లోడికి తొందరగా పెళ్లి చేసెయ్యండి అందట.

ఇంతవరకూ నాయనకు ఇదంతా వేడుక. ఆటలో చస్తే చావనీ, మళ్లీ బతుకుతావు కదా అనేవాడు. కోటా వదిలే రోజు వచ్చింది. తొమ్మిదిన్నరకు కంప్యూటర్ ఆన్ చేసి, రూళ్ల పుస్తకం తెరిచి, వేలు మౌస్ మీద పెట్టుకుని కూర్చున్నాడు. చిత్తూరు మామ ఫోన్ లైన్‌లోనే ఉన్నాడు. పది కొట్టింది. తేదీ నొక్కాడు, సమయం నొక్కాడు. బాణం తెర మధ్యలో నిలబడిపోయింది. ఒకటి, రెండు, మూడు... ఏడు సెకన్లు. వరసలో నిలబడిన వేల వేళ్లు ఆ ఏడు సెకన్లూ నాయన కోసం ఆగుతాయా? మళ్లీ కదిలేసరికి మామ అడిగిన తేదీ నిండిపోయింది.

"ఏం బావా, అయ్యిందా?" అంటున్నాడు మామ ఫోన్‌లో.

నాయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "రేయ్, ఇది ఈ పొద్దే బాగుపడాల" అన్నాడు. నెల రోజులుగా నేను మొత్తుకుంటున్నదీ అదే.

నేను తెలిసిందంతా ఏకరువు పెట్టాను. వేడి కాదు, ర్యామ్ కాదు, డ్రైవర్ కాదు, మోటారు కాదు. నాయన అంతా విని, "అది కాదురా, ఫోటో మారేటప్పుడు ఆగుతాది కదా, ఆ ఫోటో సంగతి చూడు" అన్నాడు.

"ఏ ఫోటో?"

"మన ఫోటోలే. అరగంటకొకటి మారేట్టు పెట్టించుకుంటిని కదా. మారే ముందు లోపల గుర్ర్‌మని శబ్దం వస్తాది, రీలు తిరిగినట్టు. అది తిరిగేదాకా బాణం కదల్దు. తెలీదా నీకు?"

నాకెలా తెలుస్తుంది? ఆ నెల రోజులూ నా చెవుల మీద హెడ్‌ఫోన్ ఉంది. ఆట ముందు కూర్చున్నవాడికి వెనకాల డెస్క్‌టాప్ మీద ఫోటో మారడం కనపడదు, వినపడదు.

ఫోటోలున్నది డి డ్రైవులో. అది పాత కంప్యూటర్ నుంచి పీకి తగిలించిన హార్డ్‌డిస్కు, పాత సామాను గది లాంటిది. ఎవరూ పిలవకపోతే 20 నిమిషాలకు డిస్కు తిరగడం ఆపి నిద్రపోయేట్టు పవర్ సెట్టింగుల్లో ఉంది. మేనల్లుడి గుండు ఫోటో కావాలని 30వ నిమిషంలో పిలుపు వస్తుంది. డిస్కు ఒళ్లు విరుచుకుని, నిమిషానికి 7200 చుట్ల వేగం అందుకునేసరికి ఆరేడు సెకన్లు. ఆ ఫోటో అందేదాకా డెస్క్‌టాప్ ఆగుతుంది, దాని వెనక మిగతావన్నీ ఆగుతాయి. ఆట కొత్త ఎస్‌ఎస్‌డీలో ఉన్నా లాభం లేదు, ముందు ఒకాయన హుండీ దగ్గర నిలబడిపోతే వెనకున్నవాళ్లంతా ఆగరా? షాపులో ఆగకపోవడానికి కారణం కూడా తెలిసింది. వాళ్ల ఎస్‌ఎస్‌డీలో మా వాడి ఫోటోలు లేవు.

"ఇరవైకి పడుకునేవాణ్ని ముప్పైకి లేపుతాండాం. క.సా.గు. కూడా అక్కర్లేని లెక్క. నెల పట్టిందా నీకు?" అన్నాడు నాయన.

ఫోటోల ఫోల్డరు మొత్తాన్ని ఎస్‌ఎస్‌డీలోకి మార్చాను. పావుగంట పని. ఆ రాత్రి క్యాలెండర్ వెనక రాయడానికి ఏమీ లేకపోయింది. 10.02కు నేను చచ్చిపోయిన మాట నిజమే గానీ, అది వేరే కారణం వల్ల.

నాలుగు రోజుల తర్వాత ఆటలో కూర్చోబోతుంటే నాయన వచ్చి వెనకాల నిలబడ్డాడు. కాసేపు క్యాబినెట్‌కు చెవి ఆనించాడు.

"ఫోటోలు మారతాండాయా ఇప్పుడు?"

"మారతాండాయి నాయనా. చప్పుడు కాకుండా."

"అదే. అంతకుముందు గుర్ర్‌మంటే మీ అమ్మ వంటింట్లోంచి వచ్చేది, ఈసారి ఎవురి ఫోటో పడిందో చూద్దామని. ఇప్పుడు ఎప్పుడు మారిందో ఎవురికీ తెలీడం లేదు." ఇంకాస్త ఆగి అడిగాడు. "ఆ శబ్దం ఒక్కటీ మళ్లా పెట్టేదానికి అవుతాదేమో చూస్తావా?"

నేను హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.