ప్రెడిక్టబుల్ అట!

పొద్దున పదింటికి పోయిన నెట్ ఇప్పుడే వచ్చింది. టైమ్ ఆరున్నర. పోగొట్టింది ఎవరో కాదు, నేనే.

చేసిన ఘనకార్యం ఏంటంటే, మెట్ల కింద ఉన్న ప్రాక్స్‌మాక్స్ డబ్బా, అంటే ఒకే మెషీన్‌లో చాలా వర్చువల్ కంప్యూటర్లు (వీఎంలు) నడిపే ఇంటి సర్వర్, దాంట్లోంచి పాత గ్రాఫిక్స్ కార్డు పీకాను. ఎవరూ చూడని డబ్బాకి కార్డెందుకు, కరెంటు దండగ అని. ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, నెట్‌వర్క్‌లో మాత్రం జాడ లేదు. ఇంటి డీఎన్ఎస్, అంటే వెబ్‌సైట్ల పేర్లకి అడ్రస్ వెతికిపెట్టేది, నడిచేది అందులోని ఒక వీఎంలోనే. అది పోతే నెట్ పోయినట్టే. కరీంనగర్ నుంచి అక్క వీడియో కాల్ చేసే టైమది. బాపు అమ్మతో అంటున్నాడు: "మనోడు మళ్ల ఆ డబ్బా ముట్టుకున్నడు. ఇగ నెట్టు సంగతి మర్చిపో."

సరే, ఏమైందో చూద్దామంటే స్క్రీన్ కావాలి. నాది ఇంటెల్ 12400ఎఫ్ ప్రాసెసర్. ఆ చివరి ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదని. కాబట్టి పీకిన కార్డు మళ్ళీ పెట్టాలి. పెట్టాను. అన్నీ బ్రహ్మాండంగా నడుస్తున్నాయి! చుట్టాలు రాగానే బుద్ధిగా కూర్చునే పిల్లాడిలాగ. కార్డు తీస్తే మాయం, పెడితే ప్రత్యక్షం. మూడుసార్లు తీసి పెట్టాక గానీ నా బుర్రకి ఎక్కలేదు. కార్డు ఉంటే నెట్‌వర్క్ పోర్టు పేరు ఈఎన్‌పీ4ఎస్0, తీసేస్తే పీసీఐ బస్ నంబరు (బోర్డు మీది కార్డులకి, పోర్టులకి పడే వరస నంబరు) జరిగి ఈఎన్‌పీ3ఎస్0. వీఎంలని ఆ పోర్టుకి కలిపే బ్రిడ్జి ఫైల్లో మాత్రం పాత 4 అలాగే రాసి ఉంది. వీఎంలన్నీ ఆ లేని పోర్టు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాయి.

ఒకప్పుడు హాయిగా ఈటీహెచ్0 అని ఉండేది. 2013లో లినక్స్‌ని బూట్ చేసి నడిపే సిస్టమ్‌డీ వాళ్ళు ఈ కొత్త పేర్ల పద్ధతి తెచ్చారు. దానికి పెట్టుకున్న పేరు "ప్రెడిక్టబుల్". ముందే ఊహించొచ్చట! నేనైతే ఊహించలేదు స్వామీ. చివరికి పోర్టుకి పుట్టుకతో వచ్చే మ్యాక్ అడ్రస్ పట్టుకుని పేరు ఖాయం చేసే లింక్ ఫైల్ ఒకటి రాసి పడేశాను. నాలుగు లైన్లు. దానికి ఒక ఆదివారం.

ఇప్పుడు కింద కామెంట్లలో తయారవుతారు, "బ్రో, అసలు సర్వర్ కొనుక్కోవాల్సింది, ఐపీఎంఐ ఉంటుంది, వేరే ఊరి నుంచైనా స్క్రీన్ చూడొచ్చు" అని. తెలుసు బ్రో. ఆ ర్యాక్ సర్వర్ ఫ్యాన్ల మోతకి మా బాపు నన్నూ దాన్నీ కలిపి బయట పెడతాడు. కరెంటు బిల్లు నువ్వు కడతావా?

అసలు ఈ ఎఫ్ నా నెత్తిన పెట్టింది హన్మకొండ చౌరస్తా దగ్గర షాపాయన. నేను గేమ్స్ ఆడను, వీఎంలు నడుపుతా అని రెండుసార్లు చెప్పా. "ఎఫ్ తీస్కో అన్నా, తక్కువల పడుతది" అన్నాడు. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేసి ఇస్తారా అంటే "అన్నీ ఓపెనే ఉంటయి అన్నా" అని నవ్వాడు. ఇంటికొచ్చి చూస్తే ఆ వర్చువలైజేషన్‌లో భాగమైన వీటీ-డీ ఆఫ్. రంగు రంగుల ఫ్యాన్లు మాత్రం నాలుగు బిగించాడు. రాత్రి మెట్ల కింద మేడారం జాతర నడుస్తున్నట్టుంటుంది.

ఆయన్ని అని ఏం లాభం. అమ్మేది ఆయన పని. మరి నాకు నేర్పాల్సిన వాళ్ళు నేర్పారా? ఇక్కడే ఇంజినీరింగ్ చదివా, కాలేజీ పేరు ఎందుకు. మాకు క్లౌడ్ ల్యాబ్ అని ఒకటుండేది. సెమిస్టర్ మొత్తంలో ఒక్క వీఎం లేవలేదు, సిస్టమ్స్‌లో ర్యామ్ చాలదని. సీనియర్ల రికార్డు చూసి మా రికార్డు, మాది చూసి జూనియర్లది. స్క్రీన్‌షాట్లు కూడా ప్రింట్ తీసి గమ్ముతో అతికించాం. నా దాంట్లోని స్క్రీన్‌షాట్ మీద వేరే బ్యాచ్ వాడి యూజర్ నేమ్ ఉంది, ఎవరూ అడగలేదు. వైవాలో వీఎంలు నడిపే సాఫ్ట్‌వేర్ గురించి "టైప్-1కి టైప్-2కి తేడా చెప్పు" అన్నారు. గడగడా అప్పజెప్పా. హార్డ్‌వేర్ మీదే నేరుగా నడిస్తే టైప్-1, ఓఎస్ మీద కూర్చుంటే టైప్-2. ఫుల్ మార్కులు. బ్రిడ్జి అంటే ఏంటని అడిగి ఉంటే మాత్రం కాజీపేట బ్రిడ్జి గురించి చెప్పేవాణ్ణి.

ఆ రికార్డు ఇన్నాళ్ళూ అటక మీదే ఉంది. చివరి పేజీలో ఎర్ర ఇంకుతో "వెరీ గుడ్" అని ఉంటుంది. పొద్దున మెట్ల కింద మానిటర్‌కి ఎత్తు చాలకపోతే దించి దాని కింద పెట్టాను. సరిగ్గా సరిపోయింది.